జమాలుద్దీన్ తీగ, కుబ్రా బీ చెవి

నారాయణఖేడ్‌లో ఒకప్పుడు రేడియోలు బాగుచేసే దుకాణాలు మూడుండేవి. రెండువేల అయిదు నాటికి ఒకటి మిగిలింది. అది జమాలుద్దీన్‌ది. మిగిలిందంటే నడిచిందని కాదు. ఆయన మూయలేదు, అంతే.

దుకాణం పాత బస్టాండు వెనక సందులో ఉంది. ముందు గది దుకాణం, వెనక గది ఇల్లు. రెండింటికీ నడుమ తలుపు లేదు, పచ్చటి పరదా ఒకటి వేలాడుతుంది. పరదాకు ఇవతల జమాలుద్దీన్ బల్ల, సోల్డరింగ్ కడ్డీ, కడుపులు విప్పిన టేప్‌రికార్డర్లు. అవతల ఆయన భార్య కుబ్రా బీ పొయ్యి, నీళ్ళ కుండ, ఒక ఇనుప కుర్చీ. పెళ్ళయిన నాటినుంచి ఇద్దరూ పరదాకు చెరో పక్క ఉండే మాట్లాడుకున్నారు. ఆయన తల ఎత్తకుండా అడిగేవాడు, ఆమె చెయ్యి ఆపకుండా జవాబిచ్చేది.

రెండువేల మూడులో కుబ్రా బీకి జ్వరం పట్టుకుంది. పదిహేడు రోజులు. సూది మీద సూది పడింది. జ్వరం పోతూ పోతూ ఆమె చెవుల్లో ఒక ఇలకోడిని వదిలిపెట్టి పోయింది. ఎప్పుడూ అదే కూత అని ఆమె చెప్పేది. కొన్నాళ్ళకు ఎడమ వైపు నుంచి పిలిస్తే తిరిగి చూడడం మానేసింది.

పట్నం పెద్ద దవాఖానలో డాక్టరు చెవుల్లో లైటు వేసి చూశాడు. యంత్రం పెట్టి చూశాడు. జమాలుద్దీన్‌ను పక్కకు పిలిచాడు.

"ఎడమది అయిపోయింది. దాని సంగతి వదిలెయ్. కుడిది సగం మిగిలింది. ఆ సగాన్ని కనిపెట్టుకొని ఉండాలి. ఆర్నెల్లకోసారి తప్పకుండా తీసుకురా. తగ్గుతున్నట్టు తెలిస్తే ఒక్కరోజు కూడా ఆగకు. అప్పుడైతే మందు పనిచేస్తుంది. ఆ రోజులు దాటితే చేయదు."

జమాలుద్దీన్ ఆ మాటల్ని సిగరెట్ పెట్టె అట్ట మీద రాసి బల్ల సొరుగులో పెట్టాడు. పొద్దున మొదటి బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు వచ్చేవాళ్ళు. మొదటి రెండేళ్ళలో నాలుగుసార్లు పోయారు. నాలుగుసార్లూ డాక్టరు, సగం సగంగానే ఉందన్నాడు. చెవికి తగిలించుకునే మిషన్ కూడా ఇప్పించాడు. కుబ్రా బీ దాన్ని రెండు నెలలు పెట్టుకుంది.

"గిండ్ల గిన్నెల సప్పుడే ఇనవడుతది. మనిషి మాట ఇనవడది. నక్కో, నాకొద్దు," అని తీసేసింది. మిషన్ కూడా సొరుగులోకి, అట్ట పక్కకు చేరింది.

అప్పటినుంచి ఇంట్లో మాటలు తగ్గాయి. గొడవపడి కాదు. ఆమెకు వినిపించాలంటే అరవాలి. అరిస్తే మాటకు మొహం మారిపోతుంది. నీళ్ళు ఇమ్మని అరిస్తే కోపగించినట్టుంటుంది. ఒంట్లో ఎట్లుందని అరిస్తే సందంతా తొంగి చూస్తుంది. అరవలేని మాటలు చాలా ఉంటాయి మనిషి దగ్గర. అవన్నీ ఆయనలోనే ఉండిపోయాయి.

నదీమ్ ఆయన అక్క కొడుకు. పట్నం అవతల, విమానం నడపడం నేర్పే ఒక చోట పనిచేసేవాడు. విమానాలు తుడవడం, షెడ్డులోంచి బయటికి నెట్టడం, చక్రాలకు చెక్కలు పెట్టడం అతని పని. రెండువేల అయిదులో ఒక శుక్రవారం ఊరికి వచ్చి, సంచీలోంచి ఒక వస్తువు తీసి బల్ల మీద పెట్టాడు.

"మామూ, గిదేందో చెప్పు సూద్దాం."

"గింత దొప్పలా? ఎవని చెవులకురా, ఏనుగుకా?"

"హెలికాప్టర్ల పెట్టుకునే హెడ్‌సెట్. పాత సామాన్ల బజార్ల దొరుకుతున్నయ్. మా దగ్గర నేర్చుకునే పిల్లలు కొత్తయి కొనలేక గివి తెస్తున్నరు. కని పిన్ను ఒక్కటే ఉన్నది సూడు. మా విమానాలల్ల రెండు బెజ్జాలుంటయ్. ఇది దాండ్ల దూరది."

"హెలికాప్టర్‌కు ఒకటెందుకు, విమానానికి రెండెందుకు?"

"హెలికాప్టర్లోల్లు ఉరుకులాట మీద దిగుతరంట. ఒక్క గుంజుడుకు ఊడొచ్చేటట్టు ఒక్కటే పెట్టిన్రంట. విమానపోల్లకు ఏం జల్దీ? చెవికొకటి, నోటికొకటి."

జమాలుద్దీన్ పిన్నును వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. లావుగా, చల్లగా ఉంది. నడుమ మూడు నల్లటి పట్టీలు. అంటే నాలుగు ముక్కలు. రెండు చెవికి, రెండు నోటికి. మీటరు పెట్టి ఏది ఏదో తేల్చాడు. ఏడాదిగా చేతికి అంత చక్కటి పని తగలలేదు.

వారంలో తీగ తయారైంది. జానెడు కన్నా కొంచెం పొడుగు. ఒక కొసన హెలికాప్టర్ పిన్ను దూరే సాకెట్టు. రెండో కొసన రెండు పిన్నులు, లావుది చెవికి, సన్నది నోటికి. కాయితాల లెక్కన అట్లాంటి తీగ విమానంలో పెట్టొచ్చో పెట్టకూడదో ఆయనకు తెలియదు. పిల్లలు అడిగారు, ఆయన చేశాడు. చేసింది పనిచేస్తుందని ఎట్లా తెలియాలి? నారాయణఖేడ్‌లో విమానం లేదు.

అందుకని ఒక పెట్టె చేశాడు. విమానంలో ఉన్నట్టే రెండు బెజ్జాలు. వాటిలో తీగ గుచ్చి, ఇవతల హెడ్‌సెట్ పెట్టుకొని మాట్లాడితే, పెట్టె రెండో కొసన ఇంకొకరు వినాలి. వినేవాళ్ళ చేతికి, చప్పుడు పెంచి తగ్గించే ఒక నాబు. నదీమ్ ఆ పెట్టెను బస్సులో పట్నం తీసుకుపోయాడు. అక్కడి మెకానిక్ దాన్ని విమానం పక్కన పెట్టి, గొంతుకు గొంతు పోల్చి చూసి, నాబు ఎక్కడుంటే విమానంలో విన్నట్టే ఉంటుందో చెప్పాడు. ఆ చోట, పెళ్ళయి అత్తారింటికి పోయిన కూతురు మెహ్‌జబీన్ మరిచిపోయిన గోళ్ళరంగుతో జమాలుద్దీన్ ఒక ఎర్రచుక్క పెట్టాడు.

వినేదెవరు? ఇంట్లో ఇద్దరే. పెట్టె పరదాకు అవతలికి, ఇనుప కుర్చీ దగ్గరికి పోయింది. మొదటి రోజు కుబ్రా బీ నవ్వింది.

"చెవిటిదాన్ని తెచ్చి ఇనుమంటివా? లోకంల ఇంకెవ్వరు దొరకలేదా?"

అయినా కూర్చుంది. నదీమ్ తెచ్చిన పాత హెలికాప్టర్ హెడ్‌సెట్ ఒకటి ఆమెకే ఇచ్చేశారు. దొప్పలు చెవుల్ని కప్పేశాయి. సందు చప్పుడు పోయింది, పొయ్యి చప్పుడు పోయింది. ఇలకోడి కూడా వెనక్కి జరిగింది. అప్పుడు దొప్పల లోపలి నుంచి, పక్కనే కూర్చున్నట్టుగా, ఆయన గొంతు వచ్చింది.

"ఆవాజ్ ఆరీ?"

వాళ్ళింట్లో ఎక్కువగా దక్కనీ మాట్లాడతారు. స్వరం వస్తోందా అని అడిగాడు.

ఆయన పరదా తొలగించి చూశాడు. ఆమె రెండు చేతులతో దొప్పల్ని పట్టుకొని కూర్చుంది. కళ్ళు నిండుగా ఉన్నాయి.

"ఆరీ," అంది. "ఆరీ, ఆరీ."

ఆనాటినుంచి అది దుకాణం కట్టడి అయింది. కుబ్రా బీ వినకుండా ఒక్క తీగ కూడా గడప దాటదు. ఊరికే వినిపిస్తోందంటే చాలదు. ఆయన చెప్పిన మాటను ఆమె తిరిగి చెప్పాలి. ఇంటి మాటలైతే సగం విని మిగతా సగం ఊహించగలదని, పరీక్ష మాట మాత్రం తెలుగులో చెప్పేవాడు. ప్రతిసారీ కొత్త మాట.

"కల్హేర్ అంగట్ల ఇయాల ఉల్లిగడ్డ లేదు."

పరదా అవతలి నుంచి వచ్చేది. "కల్హేర్ అంగట్ల ఇయాల ఉల్లిగడ్డ లేదు. లేకుంటే ఏమాయె, నువ్వు తెచ్చేటియి కుళ్ళినయే గద."

"యాదయ్య చాయ్‌ల ఇయాల నీళ్ళెక్కువ."

"యాదయ్య చాయ్‌ల ఇయాల నీళ్ళెక్కువ. నువ్వు తాగుడెక్కువ."

పక్కన చాయ్ హోటల్ నడిపే యాదయ్యకు ఇది వేడుక. "ఏంది జమాల్ భాయ్, నీ పెండ్లాంతోని మాట్లాడాల్నంటె ఇంత కరెంటు గావాల్నా? మా ఆమెకైతె సూపు సాలు," అనేవాడు.

తీగ పరీక్ష అయిపోయాక కూడా ఇద్దరూ హెడ్‌సెట్లు తీసేవాళ్ళు కాదు. దుకాణంలో ఎవరూ లేని మధ్యాహ్నాలు ఆయన మెల్లిగా మాట్లాడేవాడు. అరవలేక దాచిపెట్టినవన్నీ ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. జ్వరంలో ఆమె పడుకున్న పదిహేడు రోజులు తనెట్లా గడిపాడో చెప్పాడు. చిన్నప్పుడు పోయిన మొదటి బిడ్డ పేరు, ఇరవై ఏళ్ళ తర్వాత, మైకులో ఒకసారి అన్నాడు. ఆమె ఆ పేరును తిరిగి చెప్పింది. పరీక్ష కాదు అది. అయినా చెప్పింది.

ఏడాది గడిచింది, రెండేళ్ళు గడిచాయి. ప్రతి తీగకూ ఆమె మాట తప్పకుండా తిరిగి చెప్పింది. ఒక్క అక్షరం జారలేదు. జమాలుద్దీన్‌కు ఒక ఆశ పుట్టింది. చెవి నిలబడింది. నిలబడడం కాదు, తిరిగి వస్తోంది. రెండువేల ఎనిమిదిలో ఎప్పట్లాగే దవాఖానకు పోయే నెల వచ్చినప్పుడు కుబ్రా బీయే అంది.

"ఎందుకు? ఇనవడుతనే ఉన్నది గద."

"నిజంగ మంచిగ ఇనవడుతుందా?"

"నువ్వే పరీక్ష జేస్తివి. నన్నడుగుతవేంది?"

ఆ రోజు ఆయన మిఠాయి తెచ్చి యాదయ్య నోట్లో స్వయంగా పెట్టాడు. "కుబ్రా చెవి తిరిగొచ్చింది. డాక్టర్లకేం తెలుసు? నా తీగ తెచ్చింది," అన్నాడు. సందులో ప్రతి గడపకూ చెప్పాడు. పట్నం బస్సు ఎక్కడం మానేశారు. పరదాకు ఇవతల, హెడ్‌సెట్ లేనప్పుడు, పిలిస్తే ఆమె పలకకపోతే అది పాత సంగతే కదా అనుకున్నాడు. ఇదివరకు ఒక పిలుపుకు తిరిగేది, ఇప్పుడు మూడు పిలుపులు పడుతున్నాయని లెక్కపెట్టుకోలేదు.

రెండువేల పదకొండులో అంకిత వచ్చింది.

కంగ్టి వాళ్ళమ్మాయి. తండ్రి మొగులప్ప కంగ్టికి, నారాయణఖేడ్‌కు మధ్య ఆటో నడుపుతాడు. ఆ పిల్ల హాస్టళ్ళలో చదివి, సర్కారు సీటు మీద విమానం నేర్చుకోవడానికి పోయింది, నదీమ్ పనిచేసే చోటికే. మొగులప్ప ఆటోను దుకాణం ముందే ఆపి, దిగకుండానే కేక వేశాడు.

"జమాల్ భాయ్, మా పిల్ల మొగులు మీద తిరుగుతదంట. నేనింక కంగ్టి రోడ్డు గుంతలే దాటకపోతి."

అంకిత తెచ్చిన హెడ్‌సెట్ మిగతావాటి లాంటిదే. పచ్చరంగు, అంతే తేడా. మిలిటరీ వాళ్ళు వాడి తీసేసింది. అదే లావు పిన్ను, అవే మూడు పట్టీలు.

"వచ్చే వారం నేను ఒక్కదాన్నే నడపాలె చాచా. పక్కన సారు ఉండడు," అంది. ఆ మాట చెప్తూ తన మాట తనే నమ్మనట్టు నవ్వింది.

అప్పటికి ఆయన డెబ్బై దాకా తీగలు చేసి ఉంటాడు. చేతులకు కళ్ళతో పని లేదు. సాయంత్రానికల్లా తీగ చుట్టి, హెడ్‌సెట్ గుచ్చి, మైకు పెదవి దగ్గరికి లాగాడు.

"మొగులప్ప బిడ్డ మొగులు మీద పోతుంది."

పరదా అవతల ఒక్క క్షణం ఆగి వచ్చింది జవాబు. "మొగులప్ప బిడ్డ మొగులు మీద పోతుంది. పైలంగ పోయి రా బిడ్డా."

మీటరు పెట్టి ఉంటే తెలిసిపోయేది. మీటరు బల్ల మీదే ఉంది, చేతికి అందేంత దూరంలో. కుబ్రా బీ ఉండగా మీటరెందుకు? ఆయన తీగను కాయితంలో చుట్టి అంకిత చేతికిచ్చాడు.

పన్నెండు రోజుల తర్వాత అంకిత మళ్ళీ వచ్చింది. తండ్రి లేడు, బస్సులో వచ్చింది. హెడ్‌సెట్‌నూ తీగనూ బల్ల మీద పెట్టింది.

"చాచా, నా మాట పోలేదు," అంది.

కదలకముందు టవర్‌ను, మాట వినిపిస్తోందా అని అడగాలి. అడిగింది. మైకును పెదవికి ఆనించుకొని గట్టిగా చెప్పింది. సన్నగా ఉంది, కానీ తెలుస్తోంది అన్నారు. లేచాక ఇంజన్ హోరులో ఆ సన్నటిది కూడా పోయింది. కింద టవర్లో వాళ్ళకు ఉత్త గాలి వినిపించింది.

"నాకు అన్నీ ఇనవడ్డయి చాచా. వాళ్ళు నన్ను పిలుస్తనే ఉన్నరు. పేరు పెట్టి పిలుస్తున్నరు. నేను చెప్తనే ఉన్న. ఇక్కడున్న, ఇక్కడున్న అని. వాళ్ళకు పోతలేదు." ఆమె తల వంచుకుంది. "టవర్ మీది నుంచి పచ్చలైటు చూపిచ్చిన్రు. అది చూసుకుంట దిగిన. దిగుడు మంచిగనే దిగిన. కని ఇగ నన్ను ఒక్కదాన్ని పంపరంట. ఈ బ్యాచ్‌ల నా వంతు పోయింది. మళ్ళ ఆర్నెల్లు."

జమాలుద్దీన్ ముఖం నల్లబడింది. తీగను చేతిలోకి తీసుకొని ప్రతి అతుకూ చూశాడు. ఒక్కటీ ఊడలేదు. పెట్టెకు గుచ్చాడు. పరదా వైపు తిరిగి, కుర్చీలో కూర్చోమని సైగ చేశాడు.

"కంగ్టి దిక్కు వాన పడ్డది," అన్నాడు మైకులో.

"కంగ్టి దిక్కు వాన పడ్డది," అంది కుబ్రా బీ. "కందులకు మంచిది."

"సూసినవా?" అన్నాడు అంకితతో. కష్టంలో కూడా ఆ గొంతులో కొంచెం గర్వం ఉంది. "మా ఆమె చెవి తప్పది బిడ్డా. మీ విమానంలనే ఏదో ఉన్నది."

అంకిత పచ్చ హెడ్‌సెట్‌ను చేతిలోకి తీసుకుంది. "చాచా, ఒక్కసారి నేను మాట్లాడత. నువ్వు లోపలికి పోయి ఇనరాదు?"

ఆరేళ్ళలో ఆయన ఎన్నడూ ఆ కుర్చీలో కూర్చోలేదు. అవసరం రాలేదు. పరదా తొలగించి లోపలికి వెళ్ళి చెయ్యి చాపాడు. కుబ్రా బీ హెడ్‌సెట్ ఇవ్వలేదు. రెండు చేతులతో పట్టుకుంది.

"నక్కో జీ. నేను చెప్తున్న గద."

ఆయన ఆమె చేతులు మెల్లిగా విడదీసి, దొప్పలు తన చెవులకు పెట్టుకున్నాడు. ఇవతలి గదిలో అంకిత మామూలుగా అంది. "చాచా, ఇనవడుతుందా?"

రాయి వచ్చి తగిలినట్టయింది. ఆయన హెడ్‌సెట్‌ను పీకి పడేశాడు. చెవిలో గుయ్యిమంది. నేల మీద పడిన దొప్పల్లోంచి ఆ పిల్ల గొంతు ఇంకా గదంతా వినిపిస్తూనే ఉంది.

అప్పుడు నాబు వైపు చూశాడు. ఎర్రచుక్క పెట్టిన చోటే ఉంది. రంగు కూడా పోలేదు. నాబు ముల్లు మాత్రం దానికి చాలా దూరంలో, ఇక తిప్పడానికి చోటు లేని కొసన ఆగి ఉంది.

నాబును ఎర్రచుక్క మీదికి తెచ్చి, మళ్ళీ పెట్టుకున్నాడు. అంకిత మాట్లాడుతూనే ఉంది. బావి అడుగున ఎవరో సణుగుతున్నట్టుంది. ఆ మిలిటరీ మైకు గొంతు పుట్టుకతోనే చిన్నది. హెలికాప్టర్లో దాన్ని పెద్దచేసే సామాను వేరే ఉంటుంది. చిన్న విమానంలో ఉండదు. అది ఆయన బుర్రకు ఒక్క నిమిషంలో అర్థమైంది. అర్థం కావలసింది అది ఒక్కటే అయితే బాగుండును.

ఆయన ఇవతలికి వచ్చి, పట్నం పంపడానికి సిద్ధంగా ఉన్న ఇంకొక హెడ్‌సెట్ తీశాడు. మంచిది, మైకు గట్టిది. దాన్ని పెట్టెకు గుచ్చాడు. మళ్ళీ లోపలికి పోయి, కుబ్రా బీని కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె హెడ్‌సెట్‌ను తనే ఆమె తలకు సర్దాడు. నాబు ఎర్రచుక్క మీదే ఉంచి, తాకవద్దని వేలు చూపించాడు. బల్ల దగ్గరికి వచ్చి మాట్లాడాడు. మొదట మామూలుగా, తర్వాత కొంచెం గట్టిగా. ఆమె పేరు పిలిచాడు. మూడుసార్లు పిలిచాడు. పోయిన బిడ్డ పేరు పిలిచాడు.

పరదా అవతలి నుంచి కుబ్రా బీ గొంతు వచ్చింది. "మాట్లాడుతలేవేంది? నేను కూసొనే ఉన్న."

అంకిత గోడ వైపు తిరిగింది.

ఆయన హెడ్‌సెట్ తీసి లోపలికి వెళ్ళాడు. ఇక అరవక తప్పలేదు. సందంతా విన్న అరుపు అది. "ఎప్పటి సంది?"

ఆమె నాబు వైపు చూస్తూ చెప్పింది. "ఏమో. కొద్దికొద్దిగ జరిపిన. ఒక నెలల ఇంత. ఇంకో నెలల ఇంత. మూడేండ్లాయె కావచ్చు."

"నాకెందుకు చెప్పకపోతివి?"

"నువ్వు యాదయ్యకు మిఠాయి తినిపిస్తివి," అంది కుబ్రా బీ. "గడప గడపకు పోయి చెప్పొస్తివి. నేనెట్ల చెప్పాలె?" మళ్ళీ తనే అంది. "చెప్తే పెట్టె తీసేస్తవు. నీ మాట ఇగ నాకెక్కడ ఇనవడుతది?"

మరునాడు మొదటి బస్సుకు పోయారు. పాత డాక్టరు లేడు, కొత్తాయన ఉన్నాడు. పాత కాయితాలు చూశాడు. ఆఖరి తేదీ చూశాడు. నడుమ ఎందుకు రాలేదని అడిగాడు. మంచిగా వినిపిస్తోందనుకున్నాం అని జమాలుద్దీన్ చెప్పాడు. డాక్టరు ఏమీ అనలేదు. ఏమన్నా అని ఉంటే బాగుండేదని ఆయనకు బస్సులో చాలాసేపు అనిపించింది. ఈసారి మందు రాయలేదు. మళ్ళీ ఎప్పుడు రావాలో కూడా చెప్పలేదు.

ఇంటికి వచ్చి సొరుగులోంచి సిగరెట్ పెట్టె అట్ట తీశాడు. ఒక్కరోజు కూడా ఆగకు, అని తన రాతలోనే ఉంది. దాన్ని చింపలేదు. చదివి, మళ్ళీ అక్కడే పెట్టాడు.

అంకిత తీగను విప్పి చేశాడు. చింతగింజంత సామాను ఒకటి లోపల కూర్చి, మైకు గొంతు పెద్దచేశాడు. నదీమ్‌తో పంపి, నేల మీద విమానంలోనే మూడుసార్లు పరీక్ష చేయించాడు. పెట్టెను పరదా అవతలి నుంచి తెచ్చి తన బల్ల మీద పెట్టుకున్నాడు. ఆనాటినుంచి ప్రతి తీగకూ మీటరు పెట్టాడు, తన చెవితో విన్నాడు, నాబును ఎర్రచుక్క నుంచి కదలనివ్వలేదు.

ఆర్నెల్లు అన్నది తొమ్మిది నెలలైంది. అంకిత విమానంలో ఒంటరిగా లేచింది. ఆ సాయంత్రం నదీమ్ ఫోన్ చేసి, "పోయింది మామూ, మాట పోయింది. చక్కగ ఇనవడ్డది," అన్నాడు. జమాలుద్దీన్ సంతోషపడ్డాడు. చెప్పడానికి పరదా తొలగించాడు. ఎట్లా చెప్పాలో తెలియక, చేతిని పైకి లేపి విమానంలా తిప్పాడు. కుబ్రా బీ చూసి తల ఊపింది. "మొగులప్ప బిడ్డనా?" అంది. ఆయన తల ఊపాడు. "తల్లి సల్లగుండ," అంది.

కుడి చెవిలో ఆ మిగిలిన సగం కూడా రెండువేల పదమూడు వానాకాలానికి పోయింది. నాబు కొసదాకా తిప్పినా పోయింది. ఇలకోడి ఒక్కటే ఉందని చెప్పేది. రోజూ కూస్తది, అది మాత్రం నన్ను విడిచిపోలే, అనేది.

అయినా మధ్యాహ్నాలు ఆమె ఇనుప కుర్చీలోనే కూర్చునేది, పాత హెడ్‌సెట్ పెట్టుకొని. బరువుగా ఉంటే బాగుంటుందంది. ఆయన ఇంకొక చిన్న పెట్టె చేసి ఆమె ముందు పెట్టాడు. దానికి నాబు లేదు. ఒక ఎర్ర బల్బు ఉంది. ఆయన మైకులో మాట్లాడినప్పుడు అది వెలుగుతుంది, మాట ఆగితే ఆరిపోతుంది. అంతే.

తీగలు అడిగేవాళ్ళు తగ్గిపోయారు. అట్లాంటివి ఇప్పుడు చేసినవే దొరుకుతున్నాయని నదీమ్ చెప్పాడు. రెండువేల పద్నాలుగులో, చలి మొదలయ్యే రోజుల్లో, ఒకటి వచ్చింది. జమాలుద్దీన్ దాన్ని నిదానంగా చేశాడు. మీటరు పెట్టాడు. విన్నాడు. సరిగా ఉంది. కాయితం చింపి చుట్టబోతుంటే పరదా అవతలి నుంచి గొంతు వచ్చింది. సోల్డరు వాసన పోయి ఉంటుంది లోపలికి.

"ఏంది, నన్నడుగవా?"

ఆయన కాయితం పక్కన పెట్టాడు. హెడ్‌సెట్ తలకు పెట్టుకొని, మైకును పెదవి దగ్గరికి లాగాడు. సందులో ఎవరూ లేరు. యాదయ్య పొయ్యి ఊదుతున్నాడు.

"నిన్ను దవాఖానకు తీస్కపోకపోతిని," అన్నాడు మెల్లిగా. "నీ చెవి నేనే పోగొట్టిన కుబ్రా. మాఫ్ జెయ్."

పరదా గుడ్డ మీద ఎర్రటి వెలుగు పడి, ఆగి, మళ్ళీ పడి, ఆరిపోయింది.

అవతల ఆమె ఆలోచిస్తోంది. బల్బు ఎంతసేపు వెలిగిందో, ఎక్కడ ఆగిందో, ఈ వేళకు ఈ మనిషి ఏమంటాడో, అన్నీ కలిపి చూసుకుంటోంది.

"కల్హేర్ అంగట్ల ఇయాల ఉల్లిగడ్డ లేదు," అంది కుబ్రా బీ. "అవునా, కాదా?"

జమాలుద్దీన్ లేచి వెళ్ళి పరదా పక్కకు తీశాడు. ఆమె దొప్పల్ని రెండు చేతులతో పట్టుకొని, ఆయన ముఖంలోకి చూస్తోంది. ఆయన తల ఊపాడు.

ఆమె ముఖం విచ్చుకుంది. "లేకుంటే ఏమాయె," అంది.

ఆయన తిరిగి వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. తీగను కాయితంలో చుట్టి, దారం కట్టి, ముడి వేశాడు.